ఆలస్యానికి సంతాపం

ఒకే ఒక్క ఇంగ్లీషు మాటను సరిదిద్ది, నిండు కోర్టులో మా వకీలుగారి పరువూ, మా మేనత్త కేసూ, నా సొంత పాండిత్యమూ ఒకే ఉదయం మట్టిపాలు చేసిన ఘనుణ్ణి నేను. ఆ రోజు కోర్టు గోడ మీద బల్లి కూడా నవ్విందని నా అనుమానం. మీరూ నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మధ్యలో ఒకచోట నవ్వు ఆగిపోతుంది. అక్కడ మాత్రం నన్ను తిట్టుకోకండి.

అప్పట్లో నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెక్నికల్ రైటర్ని. అంటే ఇంజినీర్లు తయారుచేసినదాన్ని ఎలా వాడాలో ఇంగ్లీషులో రాసిపెట్టే ఉద్యోగం. ఇంజినీర్ల ఇంగ్లీషు దిద్దీ దిద్దీ, ఈ భూమ్మీద తప్పు లేకుండా రాసేది నేనొక్కణ్ణే అనే జబ్బు పట్టుకుంది. హోటలుకు వెళితే మెనూ కార్డు దిద్దేవాణ్ణి. ఎవరైనా శుభలేఖ చేతిలో పెడితే ముహూర్తం కన్నా ముందు స్పెల్లింగులు చూసేవాణ్ణి. "నీ శుభలేఖ అచ్చు కాకపోవడానికి కారణం ఇదేరా" అని మా అమ్మ ఫోన్‌లో వాపోయేది.

మా ఆఫీసు వెనక సందులోనే మా రాజ్యం అత్త కర్రీ పాయింట్. ఆవిడా, సత్యం మామయ్యా తణుకు నుంచి వచ్చి, చిన్న షాపు కిరాయికి తీసుకుని మొదలుపెట్టారు. అత్త వండేది, మామయ్య కవర్లలో కట్టి రబ్బరు బ్యాండు వేసేవాడు. "పప్పు ఇంకో గరిటె వెయ్యవే, హాస్టలు పిల్లలు" అనేవాడు. "హాస్టలు పిల్లలే సరే, మనం ఏ హాస్టల్లో చేరాలి?" అని అత్త కసిరేది. కసురుతూనే గరిటె నిండా వేసేది. సందులో ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళందరికీ వాళ్ళు ఆంటీ, అంకుల్.

ఆ షాపు ఖాళీ చేయించాలని ఓనరు కోర్టుకెక్కాడు. పాతది పడగొట్టి పెద్దది కట్టుకుంటాడట. కింది కోర్టు ఖాళీ చెయ్యమంది. అప్పీలు చేసుకోవడానికి గడువిచ్చారు. సరిగ్గా అప్పుడే మామయ్య జబ్బుపడ్డాడు. కామెర్లనుకున్నది కాలేయం పూర్తిగా చెడిపోయేదాకా వెళ్ళింది. అత్త దవాఖానా వరండాలో బెంచీ మీదే ఉండిపోయింది. అక్కడ ఆవిడకు సెలైన్ సీసా ఎప్పుడు అయిపోతుందో తెలిసేది గానీ గడువు ఎప్పుడు అయిపోతుందో ఎలా తెలుస్తుంది? మామయ్య పోయాడు. కర్మకాండలు ముగించి వకీలు దగ్గరకు వెళ్ళేసరికి గడువు దాటిపోయింది.

వకీలు యాదగిరిగారు మంచి మనిషి. "ఫికర్ చెయ్యకమ్మా. అప్పీలు వేద్దాం. లేటైంది గదా, ముందుగాల ఆ లేటును మాఫీ చెయ్యుమని ఇంకో పిటిషన్ వెయ్యాలె" అన్నారు. పిటిషన్ టైపు చేయించి నాకు పంపుతూ ఫోన్ చేశారు.

"బాబూ, పేర్లు, అడ్రసు కరెక్టున్నయా జర చూసి పంపు. మిగిలింది ముట్టకు."

ముట్టకు అన్న మాట నాకు సరిగ్గా వినిపించింది. అది మామూలు మనుషుల కోసమని అనుకున్నాను, అంతే.

ఫైలు తెరిచాను. పైన పెద్దక్షరాలతో 'పిటిషన్ ఫర్ కండోనేషన్ ఆఫ్ డిలే' అని ఉంది. కండోనేషనా! డొనేషన్ విన్నాను, కోఆర్డినేషన్ విన్నాను, ఇదేమిటి, రైలుకు అదనపు పెట్టె తగిలించినట్టు డొనేషన్ ముందు ఈ 'కాన్' ఏమిటి? కంప్యూటరు కూడా ఆ మాట కింద ఎర్ర గీత గీసి నన్నే సమర్థించింది. ఇక నా మెదడు పరుగందుకుంది. కింద చదివితే భర్త మరణం అని ఉంది. మరణం ఉన్నచోట ఉండవలసిన మాట ఏది? కండోలెన్స్! పాపం, టైపు చేసినవాడికి స్పెల్లింగు రాలేదు. మా ఆఫీసు అలవాటు కొద్దీ అన్నిచోట్లా ఒకేసారి మార్చే మీట నొక్కాను. కండోనేషన్లన్నీ కండోలెన్సులైపోయాయి. చదువుకున్నవాడు ఇంట్లో ఒకడుండాలని మురిసిపోతూ తిప్పి పంపాను. యాదగిరిగారు నా మీద నమ్మకంతో, మళ్ళీ చూడకుండా సంతకం పెట్టి దాఖలు చేశారు. కోర్టు ఆఫీసులో కూడా ఎవరి కంటా పడలేదు. నా అదృష్టం అంత గొప్పది.

విచారణ రోజు అత్త తెల్లచీర కట్టుకుని నా పక్కన కూర్చుంది. మా పేరు పిలిచారు. ఓనరు తరఫు వకీలు లేచాడు. ముఖం పెళ్ళిలో వీడియో తీసేవాడి లైటులా వెలిగిపోతోంది.

"సర్, పిటిషనరు ఏం కోరుతున్నారో మాకు బోధపడలేదు. ఆలస్యాన్ని మన్నించమని ఇందులో ఎక్కడా లేదు."

జడ్జిగారు కాగితం తీసి చదివారు. మళ్ళీ చదివారు.

"యాదగిరిగారూ, 'కండోలెన్స్ ఆఫ్ డిలే' అని రాశారు. ఆలస్యానికి కోర్టు సంతాపం తెలపాలా? అందరం లేచి నిలబడి మౌనం పాటించమంటారా?"

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. యాదగిరిగారు గబగబా పేజీలు తిప్పారు. పేజీ తిప్పిన కొద్దీ ఆయన ముఖం మాడిన వంకాయలా అవుతోంది.

"సర్... టైపింగ్ మిస్టేక్ సర్."

"అన్నిచోట్లానా?"

"అన్నిచోట్లా గదే మిస్టేక్ సర్."

మళ్ళీ నవ్వులు. నేను బెంచీ కిందికి జారిపోయే ప్రయత్నంలో ఉండగా అత్త నా మోచేయి పట్టుకుంది.

"ఒరేయ్ శ్రీనూ, జడ్జిగారు కండోలెన్స్ అన్నారు కదరా?"

ఆ మాట ఆవిడకు తెలుసు. మామయ్య పోయాక షాపు తెరిచిన రోజు కుర్రాళ్ళు వరసగా వచ్చి "కండోలెన్సెస్ ఆంటీ" అని చెప్పి, పెరుగు పచ్చడి కట్టించుకుని వెళ్ళారు. అర్థం నేనే చెప్పాను. "అవును గానీ అత్తా..." అని నేను మాట పూర్తి చేసేలోపే ఆవిడ లేచి, చీర కొంగు భుజాల మీదుగా కప్పుకుని, జడ్జిగారికి రెండు చేతులూ జోడించింది.

"చాలా థాంక్సండి. ఆయన పోయిన దగ్గర్నుంచీ అందరూ కేసేమైంది, షాపేమైంది అనే అడిగారండి. ఇంత పెద్ద కోర్టులో మీరు ఆయన్ని తలుచుకున్నారు. అదే చాలండి."

నవ్వులు ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయాయి. ఓనరు వకీలు చేతిలో ఉన్న కాగితాల్లో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమైందమ్మా ఆయనకు?"

అత్త చెప్పింది. కేసు గురించి కాదు. దవాఖానాలో అన్నం సయించక, "నీ చేతి చారు తప్ప ఏదీ దిగట్లేదే" అన్నాడట. చారు పెట్టి తెస్తానని ఇంటికి వచ్చిందట. తిరిగి వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉందట. "నాదే ఆలస్యమైపోయిందండి" అంది.

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. రోజూ ఆవిడ చేతి కూరలే తింటూ, ఆవిడ కాగితాల్లో అక్షరాలు దిద్దుతూ, ఈ ముక్క ఎప్పుడూ అడగలేదు.

జడ్జిగారు మెల్లగా, "కూర్చోమ్మా" అన్నారు. యాదగిరిగారి వైపు తిరిగి, "రాసింది తప్పు. అడిగింది అర్థమైంది. సరిచేసి దాఖలు చేయండి" అన్నారు. "మీకేమైనా అభ్యంతరమా?" అని ఓనరు వకీలును అడిగారు.

"లేదు సర్" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

బయట వేపచెట్టు కింద యాదగిరిగారు నన్ను నిలబెట్టారు. "ఏంది బాబూ గిట్ల చేసినవ్? ముట్టకు అంటే ముట్టకనే గదా అర్థం! కండోన్ అంటే మన్నించుడు. మా గురువుగారు చెప్పేటోరు, లాటిన్‌ల దానమిచ్చుడు అనే మాట నుంచి వచ్చిందని. తప్పును పట్టుకొని కూసోకుండ, దానమిచ్చినట్టు ఇడిసిపెట్టుడన్నట్టు. నువ్వు తీసిపారేసిన డొనేషనే అసలు మాట."

ఆఫీసుకు వెళ్ళి డిక్షనరీ తీశాను. ఆయన చెప్పింది నిజమే. నేను పెట్టిన కండోలెన్సేమో కలిసి బాధపడటం అనే మాట నుంచి వచ్చిందట. రెండూ 'కాన్'తోనే మొదలవుతాయి. ఒకటి విడిచిపెట్టడం, ఒకటి కలిసి ఏడవడం. చాలాసేపు తెర మీద ఆ రెండు మాటలూ చూస్తూ కూర్చున్నాను. ఏదీ దిద్దబుద్ధి కాలేదు.

తర్వాతి వాయిదాలో ఆలస్యాన్ని మన్నించి అప్పీలు తీసుకున్నారు. అది చాన్నాళ్ళు నడిచి చివరికి రాజీ అయింది. అత్తకు కొంత వ్యవధి దొరికింది. షాపు ఖాళీ చేసి ఇప్పుడు పుప్పాలగూడలో అపార్ట్‌మెంట్ల కింద కర్రీ పాయింట్ నడుపుతోంది. రబ్బరు బ్యాండ్లు కూడా తనే వేసుకుంటుంది.

షాపు మారిన రోజున, సామాను దించాక, నిజం చెప్పేశాను. జడ్జిగారు మామయ్యకు సంతాపం చెప్పలేదనీ, అది నా తప్పుడు మాటను ఎగతాళి చెయ్యడమనీ, హాలంతా నవ్వింది అందుకేననీ.

అత్త గిన్నె తోముతూ ఆగింది. ఇక చీపురు అందుకుంటుందనుకున్నాను.

"నవ్వుతున్నారని నాకూ తెలుసులేరా. మరి ఆయన కళ్ళజోడు తీసి ఏమైందమ్మా అని అడిగారు చూడు. ఆ ముక్క కూడా నువ్వే టైపు చేశావా?"

"లేదత్తా."

"అయితే అది నాదే. నీ తప్పు నువ్వుంచుకో" అని మళ్ళీ గిన్నె అందుకుంది.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా శపథం చేస్తున్నాను. వకీళ్ళు రాసిన కాగితంలో ఇకపై అక్షరం ముట్టను. కామా జారి పక్క పేజీలో పడినా తీసిపెట్టను. నా పేరే తప్పుగా రాసినా సరే, ఆ పేరుతోనే బతికేస్తాను. మనిషి పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం ఏ మాట అనాలా అని వెతుక్కోకుండా, ముందు కూర్చుని, ఏమైందని అడుగుతాను.