పదమూడు పండుగప్పలు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు సెక్యూరిటీ కంపెనీ వ్యాన్ నన్ను మజ్రా గేటు దగ్గర దించింది. తోటను అక్కడ మజ్రా అంటారు. దుబాయ్‌లో అల్ వర్సాన్ అనే చోట ఉన్న మా క్యాంపు నుంచి గంటన్నర దారి. ఎండ నలభై నాలుగు డిగ్రీలు. గాలి లేదు. చుట్టూ ఎర్రటి ఇసుక దిబ్బలు. మధ్యలో ఖర్జూరపు చెట్లు. వాటి నడుమ ఒక చెరువు.

నా సామాను ఒక రెక్సిన్ బ్యాగు, రెండు జతల యూనిఫాం, ఫౌజు నుంచి తెచ్చుకున్న బూట్లు. పదిహేడేళ్లు ఆర్మీలో చేసి హవల్దార్‌గా దిగిపోయాను. కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడు గల్ఫ్‌కు వచ్చాను. మా జగిత్యాల వైపు గల్ఫ్‌లో ఏ మూల ఉన్నా దుబాయ్‌లో ఉన్నాడనే అంటారు.

చెరువును అడుగులతో కొలిచాను. పొడవు నూట ఎనభై, వెడల్పు డెబ్భై. మంచినీళ్లు. నీరు ఇంకకుండా అడుగున నల్లటి ప్లాస్టిక్ షీటు పరిచారు. చేపలు దాక్కోవడానికి ఖర్జూరపు మొద్దులు, బండరాళ్లు ముంచారు. తిలాపియా చేపలు లెక్కలేనన్ని. వాటిని మింగి బతికే పండుగప్పలు పద్నాలుగు. సెలవు రోజుల్లో యజమాని స్నేహితులు వచ్చి, ల్యూర్ విసిరి పండుగప్పలను పట్టి, ఫోటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలేసేవారు. ల్యూర్ అంటే ప్లాస్టిక్ బొమ్మ చేప. దాని పొట్ట కింద గాలం వేలాడుతుంది. నిజమైన ఎర వాడకూడదు. చేపను చంపకూడదు. అదీ అక్కడి పద్ధతి.

ముదీర్ అంటే మేనేజర్. ఈజిప్టు మనిషి. మొదటి రోజే ఆర్డర్ ఇచ్చాడు.

"అతిథులు తప్ప గట్టు మీద ఎవరూ ఉండకూడదు. వంటింటి వాళ్లు అసలే వద్దు."

"యస్ సర్," అన్నాను.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి వంటామె గట్టు మీద నిలబడి నీళ్లలోకి చూస్తోంది. కోనసీమ మనిషి, నలభై ఏళ్లుంటాయి. పేరు సత్యవతి. చేతిలో పిండి గిన్నె అలాగే ఉంది.

"చెల్లె, ఇక్కడికి రావద్దు. ఆర్డర్," అన్నాను.

"చూత్తే అరిగిపోతాయేంటండీ చేపలు?"

"ఆర్డర్ అంటే ఆర్డరే."

ఆమె వెళ్లిపోయింది. వారం రోజుల పాటు నా కంచంలో ఆవకాయ పడలేదు.

నాతో ఒకే గదిలో ఉన్నది డ్రైవర్. పెషావర్ పఠాన్. నేను సరిహద్దుకు ఇటువైపు తుపాకీ పట్టుకుని నిలబడ్డవాణ్ణి. అతను అటువైపు పుట్టినవాడు. మొదటి రోజు ఇద్దరం మంచాల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ముందు అతనే అన్నాడు. "చూడు ఫౌజీ, ఏసీ ఒక్కటే ఉంది. ఇరవై నాలుగులో పెడదామా, ఇరవై రెండులోనా?" ఇరవై మూడు దగ్గర ఒప్పందం కుదిరింది. మళ్లీ ఎప్పుడూ దాన్ని మార్చలేదు.

అలా రెండు నెలలు గడిచాయి. అక్టోబర్‌లో చెరువు తగ్గడం మొదలైంది. రోజుకు జానెడు. పంపు వైపు అడుగున షీటు చిరిగింది. గురువారం ఉదయం ఎనిమిదింటికి కాంట్రాక్టర్ మనుషులు వచ్చి నీళ్లన్నీ తోడేసి కొత్త షీటు వేస్తారని ముదీర్ చెప్పాడు. అప్పటికి పండుగప్పలన్నింటినీ ప్రాణాలతో సిమెంటు తొట్టిలోకి మార్చాలి. ఆదివారం వల వేశారు. వల మొద్దులకు చిక్కుకుని చిరిగింది. ఒక చేప అందులో ఊపిరాడక చచ్చిపోయింది. మిగిలినవి పదమూడు.

ఆ సాయంత్రం ముదీర్ మమ్మల్ని పిలిచాడు.

"యజమాని వీటిని వేలెడంత ఉన్నప్పటి నుంచి పెంచాడు. ఇవి పోతే చెరువు పూడ్చేయమన్నాడు. చెరువు లేకపోతే ఇక్కడ మీకూ పనిలేదు, నాకూ లేదు. వల వద్దు. ల్యూర్లతో పట్టండి."

గాలపు రాడ్లు నాలుగు ఇచ్చాడు. ల్యూర్ల పెట్టె ఒకటి. చేప నోరు చిరగకుండా గాలాల వెనక ముళ్లను డ్రైవర్ పటకారుతో నొక్కేశాడు. పికప్‌లో నీళ్ల డ్రమ్ము ఎక్కించాం. పట్టిన చేపను చుట్టి మోయడానికి తడి దుప్పటి సిద్ధం చేశాం. సోమవారం ఉదయం ఐదు నలభైకి ఆపరేషన్ మొదలైంది.

నేను గ్రెనేడ్ విసిరినట్టు విసిరాను. మొదటి ల్యూర్ ఖర్జూరపు మట్టకు తగులుకుంది. రెండోది బండరాయి కింద ఇరుక్కుంది. మూడోది డ్రైవర్ టోపీని ఎత్తుకుపోయి చెరువు మధ్యలో వేసింది.

"ఫౌజీ! యుద్ధం అయిపోయింది యార్, నన్ను వదిలెయ్!" అని అరిచాడు.

తొమ్మిదింటి దాకా విసిరాం. ఒక్క చేప కూడా రాలేదు. నీళ్లలో వాటి నీడలు కనిపిస్తూనే ఉన్నాయి. మొద్దుల కింద కదలకుండా నిలబడి మా బొమ్మలను పట్టించుకోలేదు.

సాయంత్రం నాలుగింటికి గేటు గదిలో కూర్చుని ఆలోచించాను. సత్యవతి ఆ రోజు గట్టు మీద నిలబడి నీళ్లను చూసిన తీరు గుర్తొచ్చింది. బైనాక్యులర్‌తో ఎదుటి కొండను వెతికే సెంట్రీ అలాగే చూస్తాడు. భోజనాల కబురు కోసం వంటింట్లో కూడా ఒక వాకీటాకీ ఉండేది. నాది తీసి నొక్కాను.

"కిచెన్, గేట్ మాట్లాడుతున్న. చెల్లె, జరంత చెరువు కాడికి వస్తవా? ఓవర్."

వాకీటాకీ గరగరలాడింది.

"గట్టు మీదకి రాకూడదన్నారు కదండీ. ఓవరు."

"ఆ ఆర్డర్ ఖలాస్."

"ఎవరు చేశారండీ ఖలాసు?"

"నేనే. తప్పు నాదే చెల్లె. నాకు చేపల సంగతి తెల్వది. ఓవర్."

"పొయ్యి మీద పప్పుందండి. దింపేసి వత్తున్నా."

నాలుగున్నరకు వచ్చింది. చెప్పులు గట్టు కింద విడిచింది. వాళ్ల నాన్న చేపల చెరువులకు కాపలా ఉండేవాడట. పెళ్లయ్యే దాకా ఆమె ఉన్నది చెరువు గట్టు మీదేనట. ల్యూర్‌ను మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే చేశారు ఎదవలు," అంది.

విసరడం రాలేదు. మూడు సార్లు కాళ్ల దగ్గరే పడింది. నాలుగోసారి మొద్దుకు మూరెడు దూరంలో పడింది. నేను చేసినట్టు గబగబా చుట్టలేదు. కొంచెం లాగింది. ఆపింది. ఇంకాస్త లాగింది. మళ్లీ ఆపింది.

"లాగుతానే ఉంటే రాదండీ. దెబ్బ తిన్న చేప ఆయాసపడి ఆగుద్ది. అది ఆగినప్పుడే ఇది నోరు తెరుత్తాది. వినండి."

టప్ అని శబ్దం వచ్చింది, సీసా మూత తీసినట్టు. రాడ్ వంగిపోయింది. పండుగప్ప నీళ్ల మీదికి లేచి తల విదిలించింది. వెండి పళ్లెం గాలిలో తిరిగినట్టుంది. సరిగ్గా అప్పుడే ముదీర్ కారు దిగాడు. గట్టు మీద వంటామెను చూశాడు, నన్ను చూశాడు, చేపను చూశాడు. నేను అటెన్షన్‌లో నిలబడ్డాను.

"యల్లా! తొందరగా! దుప్పటి! దుప్పటి తెండి!" అని తనే ముందు పరుగెత్తాడు.

ఆ సాయంత్రం మూడు. మంగళవారం ఐదు. బుధవారం నాలుగు. ఆమె దగ్గర నేను లాగి ఆపడం నేర్చుకుని రెండు పట్టాను. డ్రైవర్ ఒకటి పట్టి, పెషావర్‌కు వీడియో కాల్ చేసి అన్నదమ్ములందరికీ చూపించాడు. చేప పడ్డ ప్రతిసారీ ముగ్గురం అరిచేవాళ్లం. తోటలో పావురాలు లేచిపోయేవి. పప్పు రెండు పూటలు మాడింది. అందరం అదే తిన్నాం. నా కంచంలో ఆవకాయ రెండు ముద్దలకు పెరిగింది.

పన్నెండు తొట్టిలో ఉన్నాయి. మిగిలింది ఒకటి. అన్నిటికంటే పెద్దది.

గురువారం ఐదున్నరకు దిగాం. నీళ్లు మోకాలి లోతుకు వచ్చేశాయి. షీటు మీద ఏళ్లుగా పేరుకున్న బురద. పెద్ద చేప నడిమి మొద్దు కింద ఉంది. ఆరున్నర అయింది. ఏడయింది. బొమ్మలు మార్చి మార్చి వేశాం. ఏడు ఇరవైకి కాంట్రాక్టర్ లారీ గేటు దగ్గర హారన్ కొట్టింది. గేటు తీయాల్సిన మనిషిని నేనే. తీయలేదు.

ఏడు ముప్పై ఐదుకు టప్ అంది.

సత్యవతి రాడ్ నుంచి దారం జారిపోతోంది. చేప మొద్దు చుట్టూ తిరిగి దారాన్ని చిక్కించేసింది. నేను ఆమె చేతిలోని రాడ్ పట్టుకుని లాగబోయాను.

"లాగకండి! తెగిపోద్ది! వదిలేయండి దారం. ఒత్తిడి లేకపోతే అదే బయటికొత్తాది."

చెప్పి రాడ్ నా చేతిలో పెట్టి నీళ్లలోకి దిగిపోయింది.

"చెల్లె, ఆగు! బురద లోతున్నది!"

ఆగలేదు. బూట్లతోనే నేనూ దిగాను. కాళ్లు దిగబడి నడుము దాకా బురద. దారం వదులు చేశాను. పది లెక్కపెట్టాను. చేప నెమ్మదిగా మొద్దు వెనక నుంచి ఇవతలికి వచ్చింది. ఆమె వంగి దాని పొట్ట కింద రెండు చేతులూ పోనిచ్చింది, నిద్రపోతున్న పిల్లను పక్క మీంచి ఎత్తినట్టు. ఒక్కసారిగా లేచి నిలబడింది. పదకొండు కిలోల చేప. అది తోకతో ఆమె చెంప మీద కొట్టింది. ఆమె పడిపోలేదు. పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ముఖం నిండా బురద. నోట్లోకి కూడా పోయుంటుంది. నవ్వు మాత్రం ఆపలేదు.

ఏడు యాభై రెండుకు పదమూడోది తొట్టిలో పడింది. అప్పుడు వెళ్లి గేటు తీశాను. ఆలస్యానికి లారీ డ్రైవర్ తిట్టాడు. సంతోషంగా తిట్లు తిన్నాను.

మూడు వారాల్లో చెరువు నిండింది. పదమూడూ తిరిగి నీళ్లలోకి వెళ్లాయి. ముదీర్ పాత ఆర్డర్‌ను కాగితం మీద కొట్టేసి సంతకం పెట్టాడు. అప్పటి నుంచి అతిథులకు ల్యూర్ ఎలా లాగాలో, ఎక్కడ ఆపాలో సత్యవతే చూపించేది. వంటకు ఇంకొకరిని తెచ్చుకున్నారు.

మరుసటి ఎండాకాలం నా కాంట్రాక్టు ముగిసింది. హైదరాబాద్‌లో దిగి, బస్సెక్కి మధ్యాహ్నానికి ఊరు చేరాను. హోటల్ దగ్గర జనం చుట్టూ చేరి అడుగుతారు. సరిహద్దు ఎట్లుంటది, మంచు ఎట్లుంటది, తూటా పక్క నుంచి పోతే ఏమనిపిస్తది అని. అన్నీ చెబుతాను. చెబుతున్నంతసేపూ కళ్ల ముందు ఆ గురువారం పొద్దుటి ఎండే ఉంటుంది. నడుము లోతు బురదలో ఒకామె చేపను ఎత్తుకుని నవ్వుతోంది. పికప్ మీద టోపీ లేని పఠాన్ నిటారుగా నిలబడి, తప్పు చేత్తో, ఎడమ చేత్తో, ఆమెకు సెల్యూట్ కొడుతున్నాడు.