దస్తీ కట్టి వినిపించిన పాట

ఏడేళ్లుగా నా గుండె మీద ఒక కారు ఆగి ఉంది. పక్కకు తీయమని ఎవరినీ అడగలేను. అక్కడ పెట్టింది నేనే.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఈ ఏర్పాటు ఇద్దరికీ మంచిదే. ముందే చెబుతున్నాను, పోలీసులు పట్టించుకునే నేరం కాదిది. విని నవ్వి పంపించేస్తారు. నేను ఎవరి ఆస్తీ తినలేదు, ఎవరి ప్రాణమూ తీయలేదు. ఒక మనిషికి తన చెవుల మీద ఉన్న నమ్మకాన్ని తీసేశాను. ఆ మనిషి నా భర్త. ఆయన బతుకు ఆ చెవుల మీదే నడిచింది.

మాది హనుమకొండ. ఆయనది మైక్ సెట్ దుకాణం. పెళ్లిళ్లకు, బతుకమ్మకు, సభలకు సౌండ్ బాక్సులు కిరాయికి ఇస్తాడు. ఇస్తాడంటే దించేసి వచ్చేయడం కాదు. ఖాళీ మైదానం మధ్య నిలబడి రెండుసార్లు చప్పట్లు కొడతాడు. ఆ చప్పుడు ఎటు పోయి ఎటు తిరిగొస్తోందో వింటాడు. అప్పుడు ఒక బాక్సును రెండడుగులు జరుపుతాడు. ఒకసారి ఖిలా వరంగల్‌లో ఏదో సభకు సెట్ పెట్టాడు. కోట రాళ్లకు కొట్టుకుని మాట మోతగా మారుతుంటే, బాక్సులన్నీ కొంచెం నేల వైపు వంచాడు. చివరి వరుసలో కూర్చున్న నాకు ప్రతి ముక్కా స్పష్టంగా వినిపించింది. ఆ ఉపన్యాసాలకు అంత స్పష్టత అవసరం లేదనుకోండి, అది వేరే సంగతి.

నేను జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. చదువుకునే రోజుల్లో వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచాను. కప్పులు బీరువా మీద దుమ్ముకొట్టుకుపోయాయి. గెలవాలనే రోగం మాత్రం తగ్గలేదు.

ఏడేళ్ల కిందట మొదటి కారు కొనాలనుకున్నాం. ఏ కారనే దాని మీద గొడవ లేదు. రంగు మీద కూడా లేదు. గొడవంతా స్పీకర్ల మీద. కింది మోడల్‌లో మామూలు స్పీకర్లు నాలుగు. పై మోడల్‌లో ఏదో పెద్ద పేరున్న స్పీకర్లు, విడిగా ఆంప్లిఫయర్, వెనక డిక్కీలో బేస్ బాక్సు, అన్నీ కంపెనీవాళ్లే బిగించినవి. తేడా దగ్గర దగ్గర లక్ష. పోనీ స్పీకర్ల వరకే ఇస్తారా అంటే ఇవ్వరు. వాటితోపాటు పైకప్పుకు అద్దం, కాళ్ల దగ్గర నీలం లైట్లు, ఇంకా పేర్లు కూడా గుర్తులేని సొగసులన్నీ కొనాలి. పాట వినాలంటే కప్పుకు అద్దం ఎందుకో ఇప్పటికీ నాకు ఎవరూ చెప్పలేదు. ఆ విషయంలో నా వాదన ఇప్పటికీ సరైనదే. నా చిరాకంతా అక్కడే. సరైన వాదన చేతిలో ఉండి కూడా ఆ పని ఎందుకు చేశాను?

షోరూంలో రెండు గంటలు పోట్లాడుకున్నాం. సేల్స్‌మన్ మూడోసారి టీ తాగుతారా అని అడిగాడు.

"ఏందే, కారు కొంటానమా, కోర్టుల ఉన్నమా?" అన్నాడు మా ఆయన.

"జవాబు చెప్పు నువ్వు. దుకాణం నిండ స్పీకర్లే కద. దీంట్లయి పీకేసి నీ చేతితోనే మంచియి బిగించుకోరాదు?"

"బిగిస్తే వైర్లు కోయాలె. వారంటీ పోతది. వీళ్లు కారు లోపలంత కొలిచి, మనిషి కూసుంటే చెవి ఏడికొస్తదో చూసి పెట్టిన్రు. డోర్ల లోపట మోత రాకుంట అట్టలు గూడ ఏసిన్రు."

"లారీ హారన్ కొడితె ఆ అట్టలేం చేస్తయ్? నువ్వు కొనేది స్పీకర్లు గాదు, దాని మీద పేరు."

ఆయన చేతిలో ఉన్న బ్రోషర్ మడిచి టేబుల్ మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ముప్పయ్యేండ్ల సంది ఊరందరికి పాట వినిపిస్తాన. ఏ పెండ్లిల గూడ నేను పాట వినలె. ఏ వైరు ఊడతదో, ఏ బాక్సు కూతపెడతదో, గదే సూపు. నేను బిగించని స్పీకర్లల్ల ఒక్క పాట, నిమ్మలంగ కూసోని వినాలనుంది. గంతే."

జవాబు లేనప్పుడు ఊరుకోవాలని నాకు ఏ పోటీలోనూ నేర్పలేదు.

"సరే, పరీక్ష పెడత," అన్నాను. "కండ్లకు దస్తి కట్టుకో. రెండు కార్లల్ల కూసోబెడత. ఏది ఖరీదుదో చెప్పు. చెప్తివా, అదే కొందాం. మల్ల నోరెత్త."

"నా చెవులకే పరీక్షనా?" ఆయన నవ్వాడు. జేబులోంచి దస్తీ తనే తీసిచ్చాడు. "ఇగో, కట్టు. గట్టిగ కట్టు, మల్ల సూసిండంటవ్."

షోరూం వెనక ఆవరణలో రెండు కార్లు పక్కపక్కనే ఉన్నాయి. రెండింట్లోనూ సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. ముందు కింది మోడల్‌లో కూర్చోబెట్టాను. బాక్సులు పరీక్షించడానికి ఆయన జేబులో ఎప్పుడూ ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది, అందులో డోలక్ ఎక్కువగా ఉన్న ఒక పాట. అది పెట్టాను. అప్పటిదాకా నా మనసులో మోసం లేదు. ఇది నమ్మండి. నమ్మకపోయినా పరవాలేదు, నాకే ఒక్కోసారి నమ్మకం కలగదు. పాట సగంలో ఆయన పెదవి ఒక పక్కకు కొంచెం వంగింది. నాసిరకం బాక్సు విన్నప్పుడు ఆ పెదవి అలాగే వంగుతుంది. ఇది ఏ కారో ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. రెండో దాంట్లో కూర్చోగానే చెప్పేస్తాడు. నేను ఓడిపోతాను.

చేయి పట్టుకుని దించాను. ఆవరణంతా ఒక చుట్టు తిప్పాను. తీసుకొచ్చి అదే కారులో, అదే సీట్లో కూర్చోబెట్టాను.

సేల్స్‌మన్ నోరు తెరిచాడు. నేను పెదవుల మీద వేలు పెట్టాను. రెండు గంటల గొడవ తర్వాత ఏదో ఒక కారు అమ్ముడైతే చాలనుకున్నాడేమో, నోరు మూసేశాడు.

ఆయన పాట విన్నాడు. నుదురు ముడుచుకుంది. మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.

"రెండు ఒక్కటే ఉన్నయే," అన్నాడు చివరికి. "ఎడమదిక్కు డోర్ సన్నగ అదురుతాంది. గది గూడ రెండిట్ల ఒక్క తీరుగనే ఉంది."

దొరికిపోయాననుకున్నాను. అంత సన్నని అదురును పట్టుకున్న మనిషి, ఒకే అదురు రెండు కార్లలో ఎలా ఉంటుందని అడగకుండా ఉంటాడా?

అడగలేదు. "నాకు ఫరక్ తెలుస్తలేదు," అన్నాడు.

ఎందుకు అడగలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నేను ఎంత పోట్లాడినా మొహం మీదే పోట్లాడతానని, వెనకనుంచి ఏమీ చేయనని ఆయన నమ్మకం. నా గయ్యాళితనాన్నే ఆయన నిజాయితీ అనుకున్నాడు. అందుకే తన చెవిని అనుమానించాడు గాని నన్ను అనుమానించలేదు.

ఆయనను దించి కార్ల నుంచి దూరంగా తెచ్చాక దస్తీ విప్పాను. "లక్ష రూపాల ఫరక్ నీ చెవులకే తెల్వకపోతె ఇంకెవలకు తెలుస్తది?" అన్నాను. నవ్వాను కూడా. ఆయన దస్తీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సేల్స్‌మన్ వైపు తిరిగి "కిందిదే రాయండి," అన్నాడు.

ఇంటికి వెళ్లే దారిలో చెప్పేద్దామనుకున్నాను. ఇద్దరం నవ్వుకుంటామనుకున్నాను. ఆటోలో ఆయన దారంతా చెవి తడుముకుంటూ కూర్చున్నాడు. రేపు చెబుదామనుకున్నాను. ఆ వారంలోనే ఆయన ఒక్కడే దవాఖానకు వెళ్లి చెవులు పరీక్ష చేయించుకున్నాడు. వయసుకు తగ్గట్టే ఉన్నాయి, ఫికర్ లేదన్నాడు డాక్టరు. మా ఆయన ఒప్పుకోలేదు. మిషన్ కూత వేరు, పాట వేరు అన్నాడు. డాక్టరు దాకా పోయాక ఇక ఎలా చెప్పను? హాస్యం అనడానికి గడువు దాటిపోయింది.

మిగిల్చిన డబ్బుతో వంటింట్లో చిమ్నీ పెట్టించాను. కారు వచ్చింది. ఏడేళ్లలో ఆ కారులో ఆయన ఒక్క పాట పెట్టలేదు.

ఇంతటితో పోయినా బాగుండేది. పోలేదు. చప్పట్లు కొట్టి బాక్సు జరిపే మనిషి, జరిపాక పక్కవాళ్ల మొహాలు చూడటం మొదలుపెట్టాడు. మా కాలనీలో బతుకమ్మకు సెట్ పెట్టి, ఆడవాళ్ల మధ్యలో ఉన్న నా దగ్గరికి వచ్చి "జర విను, సరిగ్గ పలుకుతాందా?" అని అడిగాడు. నన్ను. బేస్‌కూ ట్రెబుల్‌కూ తేడా తెలియని నన్ను. అప్పటినుంచి ప్రతి ఫంక్షన్‌కూ అదే ప్రశ్న. నాకేం తెలుసని విసుక్కుంటాను. ఆయన చిన్నబుచ్చుకుంటాడు. సరే, బాగుందంటాను. ఆయన నమ్ముతాడు. ఎంత ఒళ్లు మండుతుందో చెప్పలేను. ఆయన మీదా, నా మీదా? ఆయన మీదే మండుతుంది మొదట. ఇంత సులువుగా ఎందుకు నమ్మాలి మనిషి? తన చెవి చెప్పిన దాని కంటే పెళ్లాం నవ్వే ఎక్కువా? ఇలా తప్పంతా ఆయన మీదికే తోసి, ఆ వాదన కూడా గెలిచేస్తాను. గెలిచి వంటింట్లోకి వెళ్లిపోతాను.

పోయిన వారం మడికొండ నుంచి మా తమ్ముడు వచ్చాడు. కారు కొంటున్నాడట. "బావా, పై మోడల్‌ల కంపెనీ స్పీకర్లు వస్తానయ్. అంత పెట్టొచ్చునా? నువ్వొచ్చి ఒక్కసారి విని చెప్పు," అన్నాడు.

"నన్నడుగకురా. నా చెవులు పోయి ఏడేండ్లాయె. ఈ బతుకమ్మ అయినంక దుకాణం గూడ తీసేస్త," అన్నాడు మా ఆయన. "మీ అక్కనడుగు. ఆమెకు తెలుసు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఇద్దరూ నా వైపు చూశారు. ఈసారి గెలవకుండానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

మీరడిగినా నేను గెలవలేను. ఆ కంపెనీ స్పీకర్లు అంత డబ్బుకు తగినవేనా? నాకు తెలియదు. విని చెప్పగలిగిన మనిషికి నేను గంతలు కట్టాను. ఆ రోజు ఆ పై మోడల్ కారు తలుపు కూడా ఎవరం తీయలేదు. అందులో ఏ పాటా మోగలేదు. ఏడేళ్లుగా నేను గెలిచానని చెప్పుకుంటున్న పోటీలో రెండో పక్షమే లేదు. క్లాసులో మాత్రం ఇరుపక్షాల వాదన వినాలని పిల్లలకు చెబుతాను.

మొన్న వంట చేస్తూ, చెప్పవలసిన మాటను ఒకసారి గొంతులోంచి బయటికి తెచ్చి చూసుకుందామనిపించింది. చిమ్నీ వేసుకుని చెప్పాను, ఎవరికీ వినిపించకుండా. ఆ చిమ్నీ మోత పక్కింటి దాకా పోతుంది. రెండోసారి చెబుతుంటే ముందుగది నుంచి ఆయన గొంతు వచ్చింది.

"ఆ చిమ్నీ బేరింగు పోతాంది. సన్నగ గీస్తాంది సూడు." వెంటనే సర్దుకుని, "నాకట్ల అనిపిస్తాంది. నువ్వు విను జర," అన్నాడు.

నాకు రోజూ వినపడే మోతే తప్ప ఇంకేమీ వినపడలేదు. నిన్న మెకానిక్ వచ్చి విప్పాడు. బేరింగే.

ఆ సంగతి ఆయనకు చెప్పాను. "ఏదో గుడ్డిగ తాకింది తీ," అన్నాడు.

ఇదీ నేను చేసిన పని. క్షమిస్తారా అని మిమ్మల్ని అడగను. పోయినవి మీ చెవులు కావు. ఆయన క్షమిస్తాడో లేదో ఆయన ఇష్టం. క్షమిస్తే ఎందుకు క్షమించావని కూడా నేను పోట్లాడగలను, నా సంగతి నాకు తెలుసు. కానీ ఇది రాస్తున్నంతసేపూ ఎవరితోనూ వాదించాలనిపించలేదు. చాలా ఏళ్ల తర్వాత ఇంత ఊరట.

చిమ్నీ బాగయింది. ఇప్పుడు చప్పుడు చేయడం లేదు. దాని చాటున చెప్పడానికి ఇక కుదరదు. చెప్పవలసింది రెండు ముక్కలే. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, నోటికి వచ్చేదాకా.

రెండుసార్లూ అదే కారు. నువ్వు సరిగ్గనే చెప్పినవ్.