నీళ్లు పోస్తే గట్టిపడిన సబ్బు

ఇరవై ఏళ్ల క్రితం, ఎండాకాలం మొదట్లో, గిద్దలూరు దగ్గర ఒక సబ్బుల ఫ్యాక్టరీలో సీనియర్ కెమిస్టుగా చేరాను. నేను చదివింది ద్రవ స్ఫటికాలు ఎలా పారతాయి, ఎప్పుడు బిగుస్తాయి అన్న విషయం. చేయాల్సింది బట్టల సబ్బు. నవ్వొచ్చినా సరే, రెండూ ఒకటే; ఉడికే సబ్బూ ద్రవ స్ఫటికమే.

అక్కడ ఆడమనిషిని నేనొక్కదాన్నే. నేను షెడ్డులోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి, బీడీలు ఆరిపోయేవి. అది గౌరవమే, కాదనను. కానీ ల్యాబు తలుపు దగ్గరికి వేసుకుని క్యారేజీ విప్పినప్పుడల్లా, ఈ పూట కూరలో ఉప్పెక్కువైందని చెప్పుకోవడానికైనా ఒక మనిషి ఉంటే బాగుండుననిపించేది.

ఒక మధ్యాహ్నం తింటుండగా పాన్ దగ్గర చప్పుడు ఆగిపోయింది. పాన్ అంటే నూనె, కాస్టిక్ సోడా కలిపి ఆవిరితో ఉడికించే పెద్ద తొట్టి. వెళ్లి చూస్తే సబ్బు బిగిసిపోయి ఉంది. పాన్ చూసుకునే మస్తాన్‌వలి ముఖంలో నెత్తురు లేదు. ఇంకో వాయి చెడితే పనిలోంచి తీసేస్తానని యజమాని అతనికి అంతకుముందే చెప్పి ఉన్నాడు.

“చిక్కబడిందని నీళ్లు పోసినా మేడమ్. పోసేకొద్దీ రాయైతా ఉంది, ఏందో మరి.”

“నన్ను పిలవలేదేం?”

“మీరు అన్నం తింటా ఉంటిరి. ఎట్ల పిలిచేది?”

నీళ్లు పోస్తే పల్చబడడానికి ఇది చారు కాదు. నీటికంటే సబ్బు శాతం ఎక్కువగా ఉన్నప్పుడు దాని అణువులు మార్కాపురం పలకల్లా దొంతరగా ఉంటాయి. తోస్తే ఒకదాని మీద ఒకటి జారతాయి. నీళ్లు ఎక్కువైతే అవే కడ్డీలుగా చేరి, కందికట్టె మోపులా బిగుసుకుంటాయి. ఉప్పు ఆ నీటిని లాగేసి మళ్లీ దొంతర చేస్తుంది.

ఉప్పునీళ్లు తెమ్మన్నాను.

“ఉప్పు ఆఖర్న గదా ఏసేది మేడమ్?” అంటూనే తెచ్చాడు.

ఆవిరి తెరిచి కొద్దికొద్దిగా పోశాం. చాలాసేపు ఏమీ కాలేదు. నాకూ భయం వేసింది. తర్వాత అంచున ఒక ముడత పడి, జారింది. చూస్తుండగానే పాన్ అంతా కదిలింది. వాయి దక్కింది, మస్తాన్ ఉద్యోగమూ దక్కింది.

మర్నాటి నుంచి క్యారేజీ పాన్ పక్కనే విప్పాను. మేడమ్ తింటున్నారని, పాన్ చూసే మనిషి తప్ప మిగతావాళ్లంతా మర్యాదగా షెడ్డు బయటికి పోయి తినేవారు. అక్కడున్నంత కాలం నేను ఒక్కదాన్నే తిన్నాను. సబ్బు చిక్కబడితే మాత్రం, నా నోట్లో ముద్ద ఉన్నా సరే, “మేడమ్!” అని కేక వచ్చేది. కెమిస్టు కూర్చోవాల్సింది కేక వినిపించే దూరంలో అని నేర్చుకున్నది అక్కడే.