అన్నం తిన్నాక వినే రికార్డు

అన్నయ్యగారు పోయారన్న కబురు నాకు ఖాళీ కడుపున వచ్చింది. ఆయనే ఉంటే అలా జరగనిచ్చేవారు కాదు. ఈ చలికాలంలో ఒక శనివారం పొద్దున, ఇంకా కాఫీ కూడా తాగకముందే, కాలిఫోర్నియా నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు.

"ఆంటీ, డాడ్ పోయారు. డ్రైవ్‌వేలో స్నో తీస్తూ పడిపోయారట, ఇప్పుడే హాస్పిటల్ వాళ్ళు కాల్ చేశారు. నాకు రాత్రికి గానీ ఫ్లైట్ లేదు. అమ్మ ఇండియా నుంచి బయల్దేరిపోయింది, తనకి తెలీదు. మీరు వెళ్ళి పికప్ చేస్తారా?"

ఫోన్ పెట్టేశాక ఏడుపుకంటే ముందు భయం వేసింది. వదినకి ఎవరు చెప్పాలి? మా ఊళ్ళో ఇలాంటి కబుర్లు చెప్పడానికి ఒక్క మనిషే ఉన్నాడు. ఆయనే పోయారు.

ఆయన నాకు తోడబుట్టినవాడేం కాదు. డెట్రాయిట్ పక్కన నోవైలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు, కార్ల కంపెనీలో ఇంజినీరు. డెబ్బైల చివర మేము వచ్చేసరికే ఆయనకి సొంత ఇల్లు, మారని ఫోన్ నంబరు ఉన్నాయి. మేమంతా అపార్ట్‌మెంట్లు మారుతూ తిరిగేవాళ్ళం. అందుకని దేశంలో మా అమ్మానాన్నలందరి దగ్గరా ఆయన నంబరే ఉండేది. ట్రంక్ కాల్ దొరికితే ఆయనకే, టెలిగ్రామ్ ఇచ్చినా ఆయనకే. మంచి కబురైతే ఆయన అప్పటికప్పుడు ఫోన్‌లో చెప్పేసేవారు. చెడ్డదైతే మాత్రం, "ఇవాళ మా ఇంట్లో భోజనం చేయండమ్మా" అనేవారు.

తల్లో తండ్రో పోయారని చెవిన పడితే మనవాళ్ళు స్నానం చేసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. చేశాక మాత్రం ముద్ద దిగుతుందా? "ఏడవడానికైనా ఓపిక ఉండాలమ్మా, ముందు తిననివ్వాలి" అన్నది ఆయన సిద్ధాంతం. వదిన కొసరి కొసరి వడ్డించేది. చేతులు కడుక్కున్నాక ఆయన మమ్మల్ని హాల్లో సోఫాలో కూర్చోబెట్టి, రికార్డు ప్లేయర్ మూత ఎత్తి, ఒక జాజ్ రికార్డు పెట్టేవారు. ఎప్పుడూ అదే. ఒకవైపు అయ్యేదాకా మాట్లాడేవారు కాదు. అయ్యాక పక్కన కూర్చుని చెప్పేవారు.

కూల్ జాజ్ అంటారట దాన్ని. తొమ్మిదిమంది వాయించారు. జాజ్‌లో పెద్దగా వాడని ఫ్రెంచ్ హార్న్ అనే చుట్టల బాకా, ట్యూబా అనే లావుపాటి బాకా కూడా అందులో ఉన్నాయి. ఆయన అమెరికా వచ్చిన కొత్తలో రూమ్మేట్ వినిపించాడట. "ఈ రికార్డు వచ్చినప్పుడు పట్టించుకున్నవాళ్ళు తక్కువ. తర్వాత ఆ దారిలో నడిచినవాళ్ళంతా దీని దగ్గరే నడక నేర్చుకున్నారు. తొమ్మిదిమందిలో ఒక్కడూ గొంతు పెంచడు చూడు, పక్కవాడికి చోటిస్తాడు" అని మురిసిపోయేవారు. నాకు ఆ మురిపెం ఎన్నడూ అంటలేదు. ఆ ట్యూబా కింద నుంచి మెల్లగా లేస్తుంటే దేశంలో మావాళ్ళని ఒక్కొక్కర్నే లెక్కపెట్టుకునేదాన్ని. మావారైతే దానికి పీడ రికార్డనే పేరు పెట్టారు.

పిలుపు వినగానే జనం హడలిపోకూడదని ఆయన ఊరికే కూడా పిలిచేవారు. దాంతో ఇంకా నరకం. ఆ ఇంట్లో ముక్కల పులుసు కలుపుకుంటూ అందరం ఒక కంట ఆ ప్లేయర్ మూతనే చూసేవాళ్ళం. భోజనాలయ్యాక ఆయన వక్కపొడి డబ్బా తీస్తే బతికిపోయామనుకునేవాళ్ళం.

ఒక మార్చి నెలలో మమ్మల్నిద్దర్నీ పిలిచారు. మా నాన్నకి అప్పటికి గుండె జబ్బు, మా మామగారికి పక్షవాతం. తిన్నాం. ఆయన వక్కపొడి తియ్యలేదు. మూత ఎత్తారు. సోఫాలో మా ఇద్దరి మధ్యా జానెడు ఎడం. పోయింది మామగారు కావాలి, మా నాన్న కాకూడదు అని నేను దేవుడికి మొక్కుకున్నాను. మావారూ దాన్నే తిరగేసి మొక్కుకుని ఉంటారు, ఇన్నేళ్ళలో ఒకర్నొకరం అడగలేదు. రికార్డు ఆగింది. అన్నయ్యగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

ఏం మనిషండీ మీరు, ఆ పాట పెట్టకపోతే ఏం, అని తర్వాత ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన నొచ్చుకోలేదు. మొదటిసారి ఒక కుర్రాడికి తల్లి పోయిందని చెప్పాల్సి వచ్చినప్పుడు నోరు పెగలక, ధైర్యం కూడదీసుకోవడానికి పెట్టారట. అలా అలవాటైపోయింది. "నాకున్నది ఇదొక్కటే ఇష్టమమ్మా, దీన్నీ పాడు చేసుకున్నాను. ఇప్పుడు ఊరికే వినాలన్నా మీ వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొస్తుంది, ఎవరికేమైందంటూ" అన్నారు. మా కోసం ఆయన ఏం వదులుకున్నారో అప్పుడు తెలిసింది. ఆ రుణం తీరేది కాదు.

ఆ శనివారం మా దగ్గరుండే వాళ్ళింటి తాళంచెవి తీసుకెళ్ళి వదిన పొయ్యి మీదే వంట చేశాను. మధ్యాహ్నం ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాం. "మీ అన్నయ్య రాలేదేం?" అంది వదిన. స్నో ఎక్కువగా ఉందని వద్దన్నామండీ అన్నారు మావారు. ఆవిడ తలాడించింది. చెల్లెలి కూతురి పెళ్ళి ముచ్చట్లు చెబుతూ చెబుతూ దారిలో ఎక్కడో మానేసింది.

ఇంటి ముందు, కారు నిలిపే డ్రైవ్‌వేలో మంచు సగమే ఊడ్చి ఉంది. పార గరాజ్ తలుపుకి ఆనించి ఉంది. మావారు మిగతా సగం తీసేద్దామనుకుని చేతులు రాక వదిలేశారు. వదిన కారు దిగి కాసేపు అటే చూసి, ఆ ఊడ్చిన సగం మీదుగా లోపలికి నడిచింది.

భర్త ఎక్కడని అడగలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది. పప్పు వడ్డించాను, తింది. చారు పోశాను, తింది. నా చేతిలోంచి గరిటె తీసుకుని పెరుగు తనే వేసుకుంది. అది కూడా చివరి మెతుకు దాకా తింది. ప్లేయర్ మూత ఎత్తకుండా ఎలాగైనా నోటితోనే చెప్పేయాలని నేను మాటలు వెతుక్కుంటున్నాను.

వదిన చెయ్యి కడుక్కుని హాల్లోకి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా ఎవరికి ఏ కబురు చెబుతున్నా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడేది. ఇప్పుడు వెళ్ళి సోఫాలో, మేమంతా కూర్చునే చోట కూర్చుంది.

"తిన్నాను కదమ్మా," అంది. "ఇక రికార్డు పెట్టు."

పెట్టాను. ట్యూబా మెల్లగా లేచింది. ఒకవైపు అయిపోయేదాకా ఇద్దరం విన్నాం. అయిపోయాక వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ముల్లు చివరి గాడిలో తిరుగుతూనే ఉంది. కిటికీ అవతల, ఆయన ఊడ్చిన సగం మీద మళ్ళీ మంచు పడుతోంది.