పక్కన పడేసిన క్యాసెట్

మొన్న ఆళ్లగడ్డ నుంచి మా మేనమామ కూతురు తమ పాత ఇల్లు సర్దుతుంటే దొరికిందని ఒక క్యాసెట్ పంపింది. దాని మీద ఉన్నది అన్న చేతిరాత. అన్న పోయి రెండేళ్లవుతోంది. ఇక ఆ గొంతు వినబోనని గుండె రాయి చేసుకున్నదాన్ని, ఆ చిన్న ప్లాస్టిక్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని పసిపిల్లలా ఏడ్చాను.

ఎనభైల మొదట్లో ఇంటికి టేప్‌రికార్డర్ రావడమంటే ఎంత సంబరమో నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మా నంద్యాల ఇంటికి అది చర్చి పుణ్యమా అని వచ్చింది. నాయన బడిపంతులు, పైగా చర్చిలో పాటల బృందానికి పెద్ద. అన్న అదే బృందంలో వంచిన తల ఎత్తకుండా గిటారు వాయించేవాడు. అలాంటివాడికి బెంగళూరులో చదివే స్నేహితుడొకడు పంక్ సంగీతమని ఒక క్యాసెట్ తెచ్చిచ్చాడు. రాగం లేదు, తాళం ఉంటే ఉంది, మిగిలిందంతా అరుపే. నాకు తలనొప్పి వచ్చింది గానీ అన్న మొహం మాత్రం వెలిగిపోయింది. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని రోజులవి, గడప దాటితే చాలు నాయన "యాడికి పోతాండావ్?" అని నిలదీసేవాడు. అన్న ఆ మాటనే పట్టుకుని, ఇద్దరు స్నేహితులనూ ఒక తప్పెటనూ జత చేసుకుని, నీళ్లు యాడ, పని యాడ, మాటిచ్చినోడు యాడ అని గొంతు చించుకుంటూ పాటలు కట్టాడు.

నంద్యాలలో అయితే నాయన చెవిన పడుతుందని, కాపీలు తీసేది ఆళ్లగడ్డలో మేనమామ ఇంట్లో. రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఒకదానిలో పాట వేసి, రెండోదానిలో రికార్డు నొక్కి, గదిలో అందరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. దగ్గితే దగ్గు, కోడి కూస్తే కూత, అన్నీ అందులోకి ఎక్కేవి. వీధి చివర శిల్పాలు చెక్కేవాళ్ల ఉలిదెబ్బలైతే ప్రతి కాపీలోనూ ఉండేవి. విన్నవాళ్లు అదేదో కొత్త వాయిద్యమనుకుని మెచ్చుకుంటే, గడుసువాడు, అన్న కాదనేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం కాపీ తీస్తుండగా, తమ్ముడింటికని మాతో వచ్చిన అమ్మ వంటింట్లోంచి కేకేసింది. కాపీ చెడిపోయిందని అన్న విసుక్కుని ఆ క్యాసెట్‌ను అక్కడే గూట్లో పడేశాడు. బాగా వచ్చినవాటిలో పేరూ ఊరూ లేకుండా కోయిలకుంట్ల టీ అంగళ్లకు, బస్సు డ్రైవర్లకు కొన్ని చేరాయి. ఇంకా పంచాల్సినవి, అసలు క్యాసెట్‌తో సహా, మా ఇంట్లో మంచం కింద సంచిలో ఉండేవి.

నాయన ఆ పాటలను వెలుగోడు బస్సులో విన్నాడు. తన మాటను తన కొడుకు గొంతే అరుస్తుంటే బస్సంతా నవ్వుతూ చప్పట్లు కొట్టిందట. ఇంటికొచ్చి కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఈనాటికీ అనుకుంటాను. సంచి బయటికి లాగి, "పారేసేదెందుకప్పా, వీట్లోనే మన కీర్తనలు ఎక్కించు" అన్నాడు, అంతే. బృందమంతా మా ముందుగదిలో నిలబడి పాడుతుంటే ఒక్కో క్యాసెట్ పెట్టి రికార్డు బటన్ నొక్కిందీ అన్నే, నొక్కి గిటారు అందుకున్నదీ అన్నే. కీర్తన ఎక్కేకొద్దీ కింద అన్న పాట చెరిగిపోయింది. నాయన వాటిని కొత్తపల్లె దాకా చర్చిలకు పంచిపెట్టాడు. ఆయన పోయి ఎన్నేళ్లయినా నాకు ఆ కోపం పోలేదు.

తర్వాత అన్న ఎరువుల అంగట్లో పనికి కుదిరాడు, పెళ్లి చేసుకున్నాడు, నెమ్మదస్తుడని పేరు తెచ్చుకున్నాడు. మళ్లీ గొంతెత్తగా మాత్రం నేను వినలేదు. వీధిలో ఆడుకునే పిల్లలను పిలవాలన్నా లేచి, చెప్పులేసుకుని, దగ్గరికి వెళ్లి చెప్పేవాడు.

నిన్న మా అమ్మాయి ఈ క్యాసెట్‌ను ఎవరికో ఇచ్చి ఫోన్లోకి ఎక్కించి తెచ్చింది. పాట సగానికి సగం అరిగిపోయింది. ఉలిదెబ్బల వెనక ఎక్కడో దూరంగా యాడ, యాడ అని వినిపిస్తోంది. ఉన్నట్టుండి అమ్మ కేక: "రే పెద్దోడా, సంగటి సల్లారిపోతాంది, రాప్పా!" వెంటనే, పక్కనే ఉన్నట్టు, ఇల్లదిరేలా అన్న: "వస్తాండాలేమా, యాడికి పోతా నేను!"

ఈ చప్పుళ్లూ మాటలూ తీసేసి పాటొక్కటే శుభ్రంగా ఉంచొచ్చమ్మా, నిమిషం పని అంది మా అమ్మాయి. వద్దన్నాను. మా కాలంలో ఒక పాట దాచుకుంటే ఇల్లంతా అందులో పడేది. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్లు చెవుల్లో పెట్టుకుని వింటున్నారు, ఒకరి పాటలో ఇంకొకరి కేక పడే వీలే లేదు. నిన్నటి నుంచి ఆ ఒక్క చోటే మళ్లీ మళ్లీ వేసుకుని వింటున్నాను. అమ్మ రమ్మంటోంది, అన్న వస్తున్నానంటున్నాడు. ఇద్దరూ లేరు.