ఎండలోకి జరిగిన చాప

మా పక్కింటి ఆంటీ పోయిన శుక్రవారం కన్నుమూశారు. పొద్దున్నే ఆవిడ కోడలు కంచె దగ్గరికి వచ్చి కబురు చెప్పింది. వాళ్ళ పెరట్లో ఒక్క కుర్చీ కూడా బయట లేదు. రేడియోలో గాలి హెచ్చరిక విని, ముందురోజు సాయంత్రం మంచం మీద నుంచే చెప్పి అన్నీ షెడ్డులో పెట్టించారట.

సిడ్నీకి పడమరనున్న ఈ కొండ ఊరికి ఆసుపత్రి ఉద్యోగాల కోసం మేం వచ్చిన ఏడాదే ఆంటీ కుటుంబం ఫిజీ నుంచి వచ్చింది, అక్కడ 1987లో సైన్యం అధికారం లాక్కున్న గొడవల తర్వాత. ఆవిడ తాతగారు చెరకు తోటల్లో పనికి ఓడెక్కిన తెలుగువాడు. మేం చర్చికి, ఆవిడ గుడికి వెళ్ళేవాళ్ళం. ఆవకాయ దగ్గర మాత్రం మా ఇద్దరిదీ ఒకటే మతం.

ఆవిడ ఎక్కడ కూర్చోబోయినా ముందు తలెత్తి పైకి చూసేవారు. ఇక్కడి మొదటి చలికాలంలోనే వాళ్ళ షెడ్డు రేకులు గాలికి లేచిపోయాయట. అప్పటినుంచి గాలి వస్తుందంటే చాలు, బకెట్లు లోపల పెట్టించి, కారు చెట్టు కింద నుంచి తీయించి, ఆపైన మా పెరట్లోకి తొంగిచూసేవారు. మావారు నవ్వుతూ ఆవిడను ఇన్‌స్పెక్టర్ అనేవారు.

మా పాప నెలల పిల్లగా ఉన్నప్పుడు, ఒక సెప్టెంబరు ఆదివారం సిడ్నీలోని హారిస్ పార్క్ పేట నుంచి స్నేహితులొస్తే అందరం మా ఊరి పార్కులో భోజనాలు పెట్టుకున్నాం. పెద్ద నీలగిరి చెట్టు నీడన చాప పరిచి, కింది కొమ్మకు నా చీరతో ఉయ్యాల కట్టి పాపను పడుకోబెట్టాను. రేడియోలో గాలి గురించి చెప్పారు గానీ ఆకాశంలో మబ్బు తునక లేదు. తుఫానంటే మబ్బూ వానా అనుకునే కోస్తావాళ్ళం, ఎండ కాస్తుంటే గాలికి భయపడతామా?

పులిహోర గిన్నెతో ఆలస్యంగా వచ్చిన ఆంటీ, గిన్నె కింద పెట్టకుండానే పైకి చూశారు.

"బిడ్డను దింపమ్మా."

ఇప్పుడే నిద్రపోయిందన్నాను.

"పైన ఆ కొమ్మ చూడు, ఎండిపోయింది. ఇక్కడ గాలి మబ్బు లేకండానే వస్తాది."

నా జవాబు కోసం ఆగలేదు. పాపను ఎత్తుకుని, చెట్లకు దూరంగా మైదానం మధ్యలో ఆపిన తన కారులో కూర్చున్నారు. పెద్దావిడ అక్కడుంటే మేం నీడన తినలేం కదా. గొణుక్కుంటూనే చాప, గిన్నెలు ఎండలోకి మోశాం.

వడ్డిస్తుండగా లోయలోంచి గాలి హోరుమంటూ లేచింది. ఫెళ్ళుమని పైకొమ్మ విరిగి, ఖాళీ ఉయ్యాలను నేలకు అణిచేసింది. నేను కారు దగ్గరికి పరుగెత్తాను. పాప ఆవిడ ఒళ్ళో ఇంకా నిద్రలోనే ఉంది.

"చీరదేముంది, పోతే పోయింది. గాలి తగ్గేదాకా ఎవురూ చెట్టు దగ్గరికి పోకండి," అన్నారు.

నేను చెప్పానా అని ఆవిడ ఏనాడూ అనలేదు. ఆ వారంలోనే తన నేతచీర తెచ్చి మా ఇంటి దూలానికి ఉయ్యాల కట్టారు. కట్టే ముందు దూలాన్ని రెండు చేతులా లాగి చూశారు. ఈ రోజు మా పాప నా కళ్ళముందు తిరుగుతోందంటే అది ఆవిడ చలవే.

అంత్యక్రియలయ్యాక అందరం బయట చెట్టు నీడన చేరాం. గాలి ఇంకా వీస్తోంది. పాప తలెత్తి పైకి చూసి, నా చెయ్యి పట్టుకుని లాగింది.

"నాట్ హియర్, అమ్మా."

అందరం తలలెత్తి కొమ్మల్లోకి చూశాం. తర్వాత ఒక్కొక్కరం ఎండలోకి జరిగాం.