ఆవిరి పుండు మీద గుడాకు

నేను కిష్టారంలోని హిందీ మీడియం బడిలో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో, ఇడ్లీ గిన్నె మూత తీస్తుంటే ఆవిరి కొట్టి మణికట్టు కాలింది.

"నీళ్ళు పడలే, ఉత్త ఆవిరే గదా టీచరమ్మా, ఏం గాదు," అంటూ ఇంటి యజమానురాలు, తాను పళ్ళకు రుద్దుకునే గుడాకును ఎంగిలి వేలితోనే తీసి పూసింది. ఆ నల్లటి పొగాకు ముద్ద కింద బొబ్బలు చితికాయి.

మూడోనాడు ఆసుపత్రిలో నర్సు పుండు కడుగుతుంటే ముద్దతోపాటు తోలూ ఊడింది. చీము, పొగాకు కలిసిన కంపుకు కక్కుకున్నాను.

"మరిగే నీళ్ళకంటే ఆవిరే ఎక్కువ కాలుస్తది. తోలు మీద నీళ్ళయ్యేటప్పుడు దాచుకున్న వేడంతా అక్కడే వదుల్తది. సదువుకోలేదా?" అంది నర్సు.

చెయ్యి కాలిన ఆ వారమే, ఆ పాఠాన్నే పిల్లలచేత హిందీలో వల్లె వేయించాను. గుడాకు కంపు ఎప్పుడో మరిచిపోయాను. ఆ గుడాకు పూయించుకోడానికి బుద్ధిగా చాచిన నా చెయ్యిని చూస్తే ఇప్పటికీ రోత పుడుతుంది.